వలకు కన్నే ప్రాణం

ఇప్పుడు వల కొనడం చాలా తేలిక. పెద్ద రేవు ఏదైనా సరే, పక్కనే వలల దుకాణం ఉంటుంది. దారం మందం ఎంత, కన్ను ఎంత అని అడుగుతారు. చెప్పగానే కట్ట దించి కాటా మీద పడేస్తారు. కిలోల లెక్కన తూచి డబ్బు తీసుకుంటారు. నీలం, ఆకుపచ్చ, తెలుపు... రంగు మన ఇష్టం. ఉల్లిపాయలు కొన్నంత సులువు!

ఒకప్పుడు వలను తూచేవారు కాదు, కొలిచేవారు. పొడవుకు బారలు, మూరలు. కన్నుకు వేళ్లు. ఒక వేలు దూరే కన్ను, రెండు వేళ్లు దూరే కన్ను, నాలుగు వేళ్లు పట్టే కన్ను. ఏ చేప కోసం ఏ కన్ను వెయ్యాలో అల్లేవాడే నిర్ణయించుకునేవాడు. మన తీరంలో ఒక కులానికి పేరే వల నుంచి వచ్చింది. జాలం అంటే వల. జాలం పట్టినవాడు జాలరి. అలాంటి జాలరి ఇళ్లలో కూడా ఇవాళ మొదటి ముడి నుంచి చివరి గుండు దాకా సొంతంగా వల చేయగలిగినవాళ్లు తగ్గిపోయారు.

తగ్గితే ఏమైంది, యంత్రం ఇంతకన్నా బాగా అల్లుతోంది కదా అంటారా? అల్లుతోంది. ముడి దగ్గర యంత్రానిదే పైచేయి. కానీ ముడితో పాటు ఇంకోటి కూడా చేయి దాటిపోయింది. నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

వేట లేని రోజుల్లో

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఆ రోజుల్లో తీరం వెంట ఏ పల్లెకు వెళ్లినా పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు పందిళ్ల కింద ఉంటాయి. చిరిగినవి కుట్టుకోవడం, తాళ్లు మార్చుకోవడం, గుండ్లు సరిచూసుకోవడం... అన్నీ అప్పుడే. అందుకే నేను మే నెలలో భీమిలి వైపు ఒక పల్లెకు వెళ్లాను.

తాటాకు పందిరి కింద ఒక పెద్దాయన కనిపించాడు. డెబ్బై దాటి ఉంటాయి. గుంజకు కట్టిన విసురు వల మీద వంగి పనిచేస్తున్నాడు. ఎడమ చేతిలో చిన్న వెదురు చెక్క, కుడి చేతిలో దారం చుట్టిన వెదురు సూది. దారం చెక్క చుట్టూ తిరుగుతుంది, సూది పై కన్నులోంచి దూరుతుంది, బొటనవేలు నొక్కుతుంది, సూది వెనక నుంచి చుట్టి వస్తుంది, బిగుస్తుంది. ఒక ముడి. ఆయన నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. చెయ్యి దాని పని అది చేసుకుంటూనే ఉంది.

"ఆ చెక్క ఎందుకు తాతా?" అని అడిగాను.

"ఇదే కొలత బాబూ. ఇది లేపోతే ఒక కన్ను పెద్దది, ఒక కన్ను సిన్నది అయిపోద్ది. సేపకి అదే సాలు, దారి ఎతుక్కుంటాది."

పక్కన ఒక గుడ్డసంచి. అందులో రకరకాల వెడల్పుల్లో వెదురు చెక్కలు. వాడి వాడి అంచులు నున్నగా మెరుస్తున్నాయి. కొన్ని వాళ్ల అయ్యవి. అన్నీ కలిపి గుప్పెడు ఉంటాయేమో. ఆ ఇంటి వృత్తి రహస్యమంతా ఆ సంచిలోనే ఉందనిపించింది.

మనిషిని బట్టి వల

చెరువులోనో కాలవలోనో మోకాలి లోతున నిలబడి ఒక మనిషి వల విసిరితే అది గాలిలో గొడుగులా విచ్చుకోవడం మనలో చాలామంది చూసే ఉంటాం. ఆ గుండ్రం అంత తేలిగ్గా రాదు. విసురు వలను నెత్తి దగ్గర మొదలుపెడతారు. కొన్ని కళ్లతో చిన్న చుట్టు వేసి, దాని కింద ఒక్కో వరుస అల్లుకుంటూ వస్తారు. కొన్ని వరుసలకోసారి సమాన దూరాల్లో అదనపు కళ్లు కలుపుతారు. పరికిణీకి కుచ్చిళ్లు పెట్టినట్టన్నమాట. ఎక్కడ కలపాలో లెక్క తప్పితే వల ఒక పక్క ముడుచుకుంటుంది, ఒక పక్క వేలాడుతుంది.

తర్వాత అంచు. అంచును లోపలికి మడిచి, కొంత కొంత దూరంలో కట్టి, చుట్టూ సంచుల్లా చేస్తారు. అంచు పొడవునా సీసపు గుండ్లు. వల నీళ్లలో పడగానే గుండ్లు అడుగుకు దిగుతాయి. నెత్తికి కట్టిన తాడు మెల్లగా లాగితే అంచు దగ్గరకు వస్తుంది. పైకి తప్పించుకోబోయి, ఆపైన కిందికి తిరిగిన చేప ఆ సంచుల్లో ఇరుక్కుంటుంది. గుండ్ల బరువు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వల విచ్చుకోదు. మరీ తేలికైతే అది అడుగు చేరేలోపే చేప జారుకుంటుంది. మరీ బరువైతే విసిరేవాడి భుజం పోతుంది.

అందుకే విసురు వల చేసేవాడు ముందు మనిషిని చూస్తాడు. పొడుగెంత, చేతి సత్తువెంత, నిలబడేది ఒడ్డునా, నడుం లోతు నీళ్లలోనా, పడవ మీదా? దర్జీ కొలతలు తీసుకున్నట్టే. ఒక మంచి వలకు రోజూ కూర్చుంటే కొన్ని వారాలు పడుతుందట. దుకాణంలో దొరికే వలలకూ దీనికీ ధరలో పోలికే లేదు. "కూలి కట్టుకుంటే ఎవులూ కొనరు బాబూ. సెయ్యి ఊరుకోక సేత్తన్నాను" అన్నాడు పెద్దాయన.

నూలు వల, జనుము వల

ఆయన చిన్నతనంలో నైలాను ఇంకా వాళ్ల పల్లెకు రాలేదు. నూలుతోనూ జనుముతోనూ దారం. ఇంట్లో ఆడవాళ్లు తొడ మీద జనుము పేనేవాళ్లు. పీచు నుంచి దారం తీయడానికే ఎక్కువ రోజులు పట్టేవి. వల అయ్యాక దాన్ని కాపాడుకోవడం మరో పని. నూలు నీళ్లలో నాని కుళ్లిపోతుంది. అందుకే తుమ్మ చెక్కో, చింతగింజల తొక్కో ఉడికించి ఆ కషాయంలో వలను ముంచి ఎండబెట్టేవారు. ఆ వగరే దారాన్ని కుళ్లకుండా కొంతకాలం కాచేది. రంగు దిగిపోగానే మళ్లీ పొయ్యి, మళ్లీ కషాయం. వేట నుంచి రాగానే వలను ఆరేయకపోతే నాలుగు రోజుల్లో కంపు కొట్టేది.

ఆ రోజులు మంచివని పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. తడిసిన నూలు వల మోసి మోసి వాళ్ల అయ్య భుజం కాయ కట్టిందట. మన దేశంలో 1950ల చివర నుంచి నైలాను వలలు నెమ్మదిగా వచ్చాయి. కేరళలో ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు, 1957లో కొచ్చిలో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ మార్పుకు ఊతమిచ్చాయి. నైలాను కుళ్లదు, సన్నగా ఉన్నా తెగదు, నీళ్లలో చేపకు అంతగా కనపడదు, బరువు తక్కువ. చేపలూ ఎక్కువ పడ్డాయి. ఇక నూలును ఎవరు పట్టుకుంటారు? ముడి కూడా మారింది. నూలు నీళ్లలో ఉబ్బి ముడి తనంతట తనే బిగుస్తుంది. నైలాను నున్నన, ఒంటి ముడి జారుతుంది. "నూలుకి ఒకటి, నైలానుకి రెండు" అని వేళ్లతో చూపించాడు.

ఆ వెనకే వలగుడ్డను గుట్టలుగా అల్లే యంత్రాలు వచ్చాయి. కన్యాకుమారి, తిరువనంతపురం తీరాల్లో చేత్తో వలలల్లి ఇల్లు గడుపుకునే ఆడవాళ్ల ఉపాధి వాటితో పోయింది. మన పల్లెల్లో పేనే చేతులు, అల్లే చేతులు కూడా వేరే పనులు వెతుక్కున్నాయి.

కన్ను ఎంత?

ఇక అసలు విషయం. చేప తల దూర్చి ఇరుక్కునే వల ఎలా పనిచేస్తుందో చూడండి. అది నీళ్లలో గోడలా నిలబడుతుంది. పైన బెండ్లు, కింద గుండ్లు. వచ్చిన చేప కన్నులో తల దూరుస్తుంది. సరిపడా లావుంటే తల దూరి ఒళ్లు ఆగిపోతుంది. వెనక్కి తగ్గబోతే దారం మొప్పల దగ్గర పట్టేస్తుంది. చిన్నదైతే కన్నులోంచి అవతలికి వెళ్లిపోతుంది. మరీ పెద్దదైతే తలే దూరదు. అంటే ఆ వల ఒక వయసు చేపను పట్టి, మిగతా వయసులను వదిలేస్తుంది.

అందుకే వలల పేర్లు చేపల పేర్లే. కవళ్ల వల అంటే అంగుళం, అంగుళంన్నర కన్ను. కానాగంతలకు రెండు అంగుళాలు. వంజరానికి నాలుగు అంగుళాలు, ఆ పైన. ఒడ్డు నుంచి ఇటూ అటూ జనం నిలబడి లాగే అలివి వలలో అయితే ఒకే వలలో రకరకాల కళ్లు. రెక్కల్లో పెద్దవి, మధ్య సంచికి దగ్గరయ్యేకొద్దీ చిన్నవి. ఆ పెద్దాయన పల్లెలో ఒకప్పుడు అలివి వలను ఇంటికో ముక్క అల్లుకొచ్చి కలిపేవారట. ముక్క ఇచ్చిన ఇంటికి పాలు. ఎవరి ముక్క కన్ను తేడా వచ్చినా పదిమందిలో మాట పడేది.

"సిన్న సేప ఎల్లిపోవాల బాబూ. ఎల్లనీ. అది పెద్దదై మనకే వొస్తాది" అన్నాడాయన. చేప మీద జాలితో అన్న మాట కాదది. రేపటి లెక్క.

ఈ లెక్క మనిషికి చాలా పాతది. 1913లో, అప్పటి ఫిన్లాండ్‌లో, ఇప్పుడు రష్యాలో ఉన్న ఆంత్రేయా అనే చోట బురద నేల తవ్వుతుంటే ఒక వల అవశేషాలు బయటపడ్డాయి. వయసు పదివేల ఏళ్ల పైమాటే. విల్లో చెట్టు నారతో అల్లింది. చెట్టు బెరడు బెండ్లు, రాతి గుండ్లు. కన్ను 6 సెంటీమీటర్లు. ఇనుము తెలియని మనుషులు కూడా కన్ను ఎంత ఉండాలో ముందే అనుకుని అల్లారన్నమాట.

నిర్ణయం చేతులు మారింది

చేత్తో అల్లేటప్పుడు కన్ను చిన్నది చేయాలంటే దారం ఎక్కువ కావాలి, ముళ్లు ఎక్కువ పడాలి, నెలలు ఎక్కువ పట్టాలి. అత్యాశకు ఒళ్లునొప్పే కళ్లెం. యంత్రం వచ్చాక ఆ కళ్లెం పోయింది. ఎంత సన్నకన్ను వల కావాలన్నా అడిగిన వెంటనే కాటా మీదకు వస్తుంది. పక్క పడవ సన్నకన్ను వేస్తే నేను పెద్దకన్ను వేసి ఏం చేయాలి? నేను వదిలింది వాడు పట్టేస్తాడు కదా! ఇలా ఒకరిని చూసి ఒకరు.

అల్లేవాడి వేళ్లలో ఉన్న హద్దు పోయాక చట్టంలో హద్దు రాయాల్సి వచ్చింది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వల కన్ను మీద కూడా ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది. అయినా గొడవలు ఆగలేదు. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల మీద మత్స్యకారుల మధ్యే రగడ జరిగి పడవలు తగలబడ్డాయి. ఒడ్డుకు ఎంత దూరంలో వేయాలి, కన్ను ఎంత ఉండాలి... తగాదా అంతా ఈ రెండింటి చుట్టూనే. ఒకప్పుడు పందిరి కింద వెదురు చెక్కతో తేలిన సంగతి ఇప్పుడు పోలీసు పికెట్ల మధ్య తేలాల్సి వస్తోంది.

ఇంకోటుంది. నూలు వల సముద్రంలో పోతే కొన్నాళ్లకు కుళ్లి మట్టయ్యేది. నైలాను వల కుళ్లదు. తెగిపోయి అడుగున ఏ రాళ్లకో చుట్టుకుని, అడిగేవాడు లేకుండా చేపల్నీ తాబేళ్లనూ పడుతూనే ఉంటుంది. కుళ్లకపోవడమే దాని గొప్ప, అదే దాని శాపం.

యంత్రానికి రానిది

అలాగని ఈ పనితనం పూర్తిగా పోలేదు. దుకాణంలో తూచి ఇచ్చేది వలగుడ్డ మాత్రమే. అది వల కావాలంటే పై తాడు, కింది తాడు, బెండ్లు, గుండ్లు కట్టాలి. ఇది ఇవాళ్టికీ చేతిపనే. వంద మీటర్ల గుడ్డను సాగదీసి వంద మీటర్ల తాడుకు కడితే కళ్లు మూసుకుపోతాయి. సుమారు యాభై మీటర్ల తాడుకే కుదించి కట్టాలి. అప్పుడే కళ్లు విచ్చుకుని, గోడ నిలబడి, చేప తల పట్టేంత జాగా వస్తుంది. కాస్త ఎక్కువ కుదిస్తే వల వదులై చేపను చుట్టేస్తుంది. తాడు మీద ఎన్ని కళ్లకు ఒక కట్టు వేయాలో, ఆ కట్టుకు ఎంత జాగా ఇవ్వాలో తెలిసినవాడే వల కట్టేవాడు. ఒకే కట్టలోంచి కొన్న గుడ్డతో ఇద్దరు వలలు కట్టుకుంటే ఒకడికి చేపలు పడి, ఇంకొకడికి పడకపోవడంలో మర్మం చాలావరకు ఇదే.

కాబట్టి నేర్చుకోవాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఏ పల్లెలో ఏ వలను ఏమంటారు, దాని కన్నెంత, కుదింపెంత, ఏ నెలలో ఏ నీళ్లలో వేస్తారు అని ఆ పల్లె పిల్లలే పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకోవచ్చు. 61 రోజుల విరామం ఎలాగూ ఉంది. పెద్దాయన మనవడు కాలేజీలో చదువుతున్నాడు, అల్లడం రాదు. కానీ నేను ఉండగానే సంచిలోంచి ఒక్కో చెక్కా తీసి, స్కేలుతో కొలిచి, తాత చెప్పిన చేప పేరు దాని మీద పెన్నుతో రాశాడు. తాత వద్దనలేదు.

ఈసారి చేపల మార్కెట్‌కు వెళితే బుట్టలోకి కాస్త పరీక్షగా చూడండి. నెత్తళ్లు చిన్నవే, అవి పుట్టుకే అంత. వాటితో తగువు లేదు. కానీ పక్కన వేలెడంత కానాగంతలో, అరచేతిలో పట్టే వంజరం పిల్లలో కనిపిస్తే, అవి పెరగాల్సిన చేపలు. ఎక్కడో ఎవరో కన్ను చిన్నది వేశారు. మనం కొంటేనే ఆ వలకు లాభం. ఆ చివరి ముడి మన చేతుల్లోనే ఉంది.