చివరి రౌండ్లలో దొరికిన మేటి ఆటగాళ్ళు
(అమెరికా ఫుట్‌బాల్ డ్రాఫ్టు – ఒక పరిచయం)

ఫుట్‌బాల్ అనగానే మన హాస్టల్ గ్రౌండులో కాలితో తన్నే బంతి ఆటే గుర్తుకొస్తుంది. అమెరికాలో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. అక్కడ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో విసురుతారు, చంకలో పెట్టుకుని పరుగెత్తుతారు. అడ్డొచ్చినవాడు మీదపడి పడగొడతాడు. జట్టుకు పదకొండు మంది. బంతిని ఎవరికి, ఎప్పుడు, ఎటు విసరాలో నిర్ణయించే ఆటగాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆట మొత్తం అతని బుర్ర మీద నడుస్తుంది.

ఈ ఆటకు అక్కడ నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అనే పెద్ద సంస్థ ఉంది. పొట్టిగా ఎన్.ఎఫ్.ఎల్. అంటారు. అందులో 32 జట్లు. ప్రతి ఏటా ఈ జట్లు కాలేజీల నుండి కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతినే డ్రాఫ్టు అంటారు. ఆ డ్రాఫ్టులో అందరూ వదిలేయగా చివర్లో మిగిలినవారిలో గొప్ప ఆటగాళ్ళు ఎలా దొరుకుతున్నారు, వారిని కనిపెట్టే కన్ను ఎలాంటిది అన్నది ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నం చేస్తాం. ఎక్కడో అమెరికా ఆట మనకెందుకు అనుకోకండి. చివరిదాకా చదివితే ఇది మన సంగతేనని మీకే తెలుస్తుంది.

డ్రాఫ్టు అంటే ఏమిటి?

మనకు తెలిసిన ఐ.పి.ఎల్. వేలంలో ఎవరు ఎక్కువ డబ్బు పాడితే ఆటగాడు వారికి దక్కుతాడు. డ్రాఫ్టులో పాట ఉండదు, వంతులు ఉంటాయి. పోయిన ఏడాది అందరికంటే ఘోరంగా ఓడిన జట్టుకు మొదటి వంతు. గెలిచిన జట్టుకు చివరి వంతు. ఇలా మొత్తం 7 రౌండ్లు. వంతులను జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు కూడా. అన్నీ కలిపి ఏటా సుమారు 250 నుండి 260 మంది ఎంపికవుతారు.

మన ఎంసెట్ కౌన్సెలింగులో (ఇప్పుడు పేరు మారింది) మంచి ర్యాంకు వచ్చిన విద్యార్థి ముందు వెళ్ళి తనకు నచ్చిన కాలేజీని కోరుకుంటాడు. ఇక్కడ దానికి తలకిందులు. జట్టే ఆటగాడిని కోరుకుంటుంది, ఆటగాడికి ఎంపిక లేదు.

బలహీనమైన జట్టుకు ముందు అవకాశం ఇస్తేనే పోటీ బతుకుతుందని వాదించినవాడు ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్. ఆయన మాట నెగ్గి 1936లో మొదటి డ్రాఫ్టు జరిగింది. 1974లో 17 రౌండ్లు ఉండేవి. తగ్గుతూ తగ్గుతూ 1994 నుండి 7 రౌండ్లకు వచ్చాయి.

మొదటి రౌండులో ఎంపికైనవారికి కోట్ల డాలర్ల ఒప్పందాలు, టీవీల్లో సంబరాలు. చివరి రౌండ్లవారికి ఉద్యోగానికి కూడా హామీ లేదు. శిక్షణ శిబిరానికి ఒక్కో జట్టు 90 మందిని పిలిచి, చివరకు 53 మందినే ఉంచుకుంటుంది. ఇక 1976 నుండి ఆఖరి ఆటగాడికి 'మిస్టర్ ఇర్రెలెవెంట్' అని వేళాకోళంగా ఒక బిరుదు కూడా ఇస్తున్నారు. అంటే 'అక్కరకు రాని అయ్యగారు' అన్నమాట!

కొలతలు చెప్పేవి, చెప్పనివి

డ్రాఫ్టుకు ముందు ఇండియానాపోలిస్ నగరంలో 'కంబైన్' అనే పరీక్ష జరుగుతుంది. 40 గజాలు ఎంత సేపట్లో పరుగెత్తాడు, 225 పౌండ్ల (సుమారు 102 కిలోల) బరువును ఎన్నిసార్లు ఎత్తాడు, నిలబడ్డ చోటు నుండి ఎంత ఎత్తు ఎగిరాడు, ఎత్తెంత, బరువెంత – అన్నీ కొలిచి రాస్తారు. డాక్టర్లు పాత గాయాలను పరీక్షిస్తారు. జట్టువాళ్ళు కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు.

ఈ కొలతలు పనికిరానివని మేము అనడం లేదు. వేగం కావలసిన స్థానంలో వేగాన్ని కొలవాల్సిందే. చిక్కల్లా ఏమిటంటే, కొలవడానికి వీలైనదాన్నే ముఖ్యమైనదిగా అనుకోవడం. ఎదుటివాడు మీదకు దూకుతున్నప్పుడు రెండు మూడు సెకన్లలో సరైన నిర్ణయం తీసుకునే నేర్పును ఏ టేపుతో కొలుస్తారు?

199వ ఆటగాడు

2000 సంవత్సరం డ్రాఫ్టులో మిషిగన్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ ఉన్నాడు. 40 గజాల పరుగులో అతనికి పట్టిన సమయం 5.28 సెకన్లు. అంటే చాలా నెమ్మది. సన్నగా ఉన్నాడు, విసురులో బలం లేదు అని రాశారు. అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాకులను జట్లు తీసుకున్నాయి. ఆరో రౌండులో, 199వ వాడిగా న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు అతన్ని ఎంచుకుంది.

కాగితం మీద కొలతలు అలా ఉన్నా, అదే ఏడాది జనవరి 1న ఆరెంజ్ బౌల్ పోటీలో అలబామా జట్టు మీద వెనకబడి ఉన్న తన జట్టును అతను 35–34తో గెలిపించాడు. 369 గజాల మేర బంతిని అందించాడు. అది అందరి కళ్ళ ముందూ జరిగింది. పేట్రియట్స్ శిక్షకుడు డిక్ రేబైన్ మాత్రం స్వయంగా వెళ్ళి చూసి, ఇతన్ని తీసుకుందామని తన జట్టుకు చెప్పాడు.

2001లో జట్టు ముఖ్య క్వార్టర్‌బ్యాక్ గాయపడటంతో బ్రాడీకి అవకాశం వచ్చింది. ఆ సీజను చివర, 2002 ఫిబ్రవరిలో, ఆ జట్టు తొలిసారి సూపర్ బౌల్ గెలిచింది. 2023లో ఆట నుండి తప్పుకునే నాటికి బ్రాడీ గెలిచినవి 7 సూపర్ బౌల్ కప్పులు. ఆయనకంటే ఎక్కువ గెలిచిన ఆటగాడు లేడు. అతన్ని చూసి మెచ్చిన రేబైన్ మాత్రం 2001 ఆగస్టులోనే చనిపోయాడు. తన ఎంపిక ఎంత గొప్పదో చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

ఒక విలేఖరి చేసిన పని

బ్రాడీ కథ చాలామందికి తెలుసు. మాకు అంతకంటే ముఖ్యమనిపించిన కథ బిల్ నన్ గారిది.

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారిని వేరుగా ఉంచిన రోజుల్లో, పెద్ద విశ్వవిద్యాలయాల జట్లలో వారికి చోటు ఉండేది కాదు. 1934 నుండి 1945 దాకా ఎన్.ఎఫ్.ఎల్.లోనే నల్లజాతి ఆటగాడు లేడు. వారు తమ కోసం ఏర్పడిన కాలేజీల్లో చదివేవారు, అక్కడే ఆడేవారు. తలుపులు తెరుచుకున్న తరువాత కూడా చాలా జట్లు ఆ కాలేజీల వైపు సరిగా చూసేవి కావు. పెద్ద పత్రికల్లో వారి ఫోటోలు రావు, టీవీలో వారి ఆటలు రావు. కనుక వారు లేనట్టే లెక్క.

బిల్ నన్ 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లజాతి పత్రికలో క్రీడా సంపాదకుడు. ఆ కాలేజీలన్నీ తిరిగి ఏటా వాటి ఆటగాళ్ళలోనుండి ఒక మేటి జట్టును పత్రికలో ప్రకటించేవారు. అదే ఊళ్ళో ఉన్న పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు తనను ఏనాడూ సంప్రదించలేదన్న అసంతృప్తి ఆయనకుండేది. జట్టు యజమాని కుటుంబానికి చెందిన డాన్ రూనీ ఆ మాట విని, ఆయన్ను పిలిపించి మాట్లాడారు. 1967లో నన్ ఆ జట్టుకు కొంత సమయం స్కౌటుగా, అంటే ఆటగాళ్ళను వెతికే ఉద్యోగిగా, పనిచేయడం మొదలుపెట్టారు. 1969 నుండి అదే పూర్తి ఉద్యోగం.

ఆ తరువాత జరిగినది చూడండి. 1969లో పదో రౌండులో ఎల్.సి. గ్రీన్‌వుడ్, 1971లో ఎనిమిదో రౌండులో ఎర్నీ హోమ్స్ – ఇద్దరూ చిన్న నల్లజాతి కాలేజీలవారే. ఇద్దరూ ఆ జట్టు రక్షణ వరుసకు స్తంభాలయ్యారు.

1974లో అలబామా ఏ అండ్ ఎం కాలేజీకి చెందిన జాన్ స్టాల్‌వర్త్‌ను పరీక్షించడానికి స్కౌట్లు వెళ్ళిన రోజున నేల తడిగా ఉంది. పరుగు సమయం నెమ్మదిగా వచ్చింది. అందరూ అదే అంకె రాసుకుని వెళ్ళిపోయారు. నన్ ఒంట్లో బాగాలేదని చెప్పి అక్కడే ఆగిపోయారు. పొడి నేల మీద మళ్ళీ పరుగెత్తించి చూశారు. ఈసారి వచ్చిన అంకె వేరు. నాలుగో రౌండులో, 82వ వాడిగా స్టీలర్స్ అతన్ని తీసుకుంది. అదే ఏడాది 17 రౌండ్లలో ఒక్క చోట కూడా ఎవరూ తీసుకోని డానీ షెల్‌ను సౌత్ కరోలైనా స్టేట్ కాలేజీ నుండి పిలుచుకొచ్చారు. షెల్ తన ఆట కాలంలో ఎదుటివారి బంతులను 51 సార్లు చేజిక్కించుకున్నాడు.

1933లో పుట్టి నలభై ఏళ్ళు ఒక్క కప్పూ చూడని ఆ జట్టు 1974, 75, 78, 79 సీజన్లలో నాలుగు సూపర్ బౌల్స్ గెలిచింది. స్టాల్‌వర్త్, షెల్ ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. 2014లో మరణించిన నన్ గారికి 2021లో అదే గౌరవం దక్కింది.

నన్ గారి దగ్గర మంత్రం ఏమీ లేదు. అందరూ వెళ్ళని చోటుకు వెళ్ళారు. అందరూ ఒకసారి చూసి వదిలేసినదాన్ని రెండోసారి చూశారు. అంతే.

మంచివారు ఎందుకు మిగిలిపోతారు?

మేము చదివినంతలో ముఖ్యమైన కారణాలు ఇవి:

1. చిన్న కాలేజీ: పోటీ బలహీనమైనదని ఆటగాడినీ తక్కువ చేస్తారు.

2. గాయాలు: టెరెల్ డేవిస్ కాలేజీలో గాయాల వల్ల సరిగా ఆడలేకపోయాడు. 1995లో ఆరో రౌండులో 196వ వాడిగా డెన్వర్ జట్టు తీసుకుంది. 1998లో ఒకే సీజనులో 2,008 గజాలు పరుగెత్తాడు.

3. అవకాశమే రాకపోవడం: జార్జ్ కిటిల్ ఆడిన అయోవా జట్టు అతనికి బంతి విసరడమే తక్కువ. కాలేజీ మొత్తంలో పట్టినవి 48 బంతులే. 2017లో ఐదో రౌండుకు జారాడు. మరుసటి ఏడాదే, 2018లో, 1,377 గజాలతో తన స్థానంలో అప్పటికి కొత్త రికార్డు సృష్టించాడు.

4. స్థానం మారడం: రిచర్డ్ షెర్మన్ మొదట బంతి పట్టేవాడు, తరువాత బంతిని అడ్డుకునేవాడిగా మారాడు. కొత్త పనిలో అనుభవం తక్కువని 2011లో 154వ వాడిగా మిగిలాడు. పొడవైనవారు కావాలని వెతుకుతున్న సియాటిల్ జట్టుకు సరిగ్గా సరిపోయాడు. 2013లో లీగులో అందరికంటే ఎక్కువగా 8 బంతులు లాక్కున్నాడు.

5. చూడ్డానికి అలా కనిపించకపోవడం: 'క్వార్టర్‌బ్యాక్ అంటే ఇంత ఎత్తుండాలి' అన్న బొమ్మ మనసులో ఉంటే, దానికి సరిపోనివాడు కంటికి ఆనడు. 2022లో 262వ వాడిగా, అంటే ఆఖరివాడిగా, ఎంపికైన బ్రాక్ పర్డీ అలాంటివాడే. ఆ 'అక్కరకు రాని అయ్యగారే' 2024 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టును సూపర్ బౌల్ దాకా నడిపించాడు. 2025లో 26 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం పొందాడు.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. 2008లో ఐ.పి.ఎల్. మొదటి ఏడాది అండర్–19 ఆటగాళ్ళకు వేలం కాకుండా డ్రాఫ్టు పెట్టారు. ఢిల్లీ జట్టు తమ ఊరి కుర్రవాడు విరాట్ కోహ్లీని కాదని బౌలర్ ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకుంది. కోహ్లీ బెంగళూరు పాలయ్యాడు.

అదృష్టం లేదా?

ఉంది. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ డ్రాఫ్టును లెక్కలతో పరిశీలించారు. థేలర్‌కు తరువాత 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే స్థానంలో ఆడేవారిలో ముందు ఎంపికైనవాడు తన వెనకే ఎంపికైనవాడికంటే మెరుగ్గా తేలిన సందర్భాలు 52 శాతమే. అంటే నాణెం ఎగరేసినదానికంటే కొద్దిగా మేలు! జట్లు తమ అంచనా మీద తామే అతిగా నమ్మకం పెట్టుకుంటున్నాయని, ముందు వంతుల కోసం మితిమీరిన ధర చెల్లిస్తున్నాయని వారు తేల్చారు. అందుకే తెలివైన జట్లు ఒక పెద్ద వంతు ఇచ్చేసి, నాలుగు చిన్న వంతులు తీసుకుంటాయి. ఎక్కువమందిని పరీక్షించే అవకాశం దొరుకుతుంది.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. చివరి రౌండ్లలో వచ్చినవారిలో ఎక్కువమంది శిబిరం నుండే ఇంటికి వెళ్ళిపోతారు. బ్రాడీలు అరుదు. 'చివర ఉంటే చాలు, గొప్పవాళ్ళమవుతాం' అనుకుంటే పొరపాటు. నిలబడ్డవారు ఎలా నిలబడ్డారంటే, మొదట ఎవరికీ ఇష్టం లేని పనులు చేసి. బంతిని తన్నే సమయంలో పరుగెత్తి అడ్డుకునే ప్రత్యేక బృందాలలో ఆడి, రెండు మూడు స్థానాలు నేర్చుకుని, వంతు వచ్చేదాకా సిద్ధంగా ఉండి నిలబడ్డారు.

మనకేమిటి?

మిత్రులారా, మనందరికీ ఒక అంకె ఉంది. పదో తరగతి మార్కులు, ఇంటర్ శాతం, ఎంట్రన్స్ ర్యాంకు. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది ఏ నేల మీద పరుగెత్తితే వచ్చిందో ఆ కాగితంలో ఉండదు. సెలవుల్లో కూలికి వెళ్ళి, ఒకే గదిలో పదిహేను మంది మధ్య చదివి తెచ్చుకున్న 60 శాతం, తడి నేల మీద పరుగు లాంటిది. మళ్ళీ ఒకసారి పరుగెత్తే అవకాశం వచ్చినప్పుడు మన కాళ్ళు సిద్ధంగా ఉండాలి. అది విద్యార్థుల వంతు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. మీలో ఉద్యోగాలు చేస్తున్నవారున్నారు, ఉపాధ్యాయులున్నారు, ఉన్నత చదువుల్లో ఉన్నవారున్నారు. ఏడాదికొకసారి వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళకండి. ఒక ఆదివారం వచ్చి కూర్చోండి. లెక్కలు ఎవడికి వచ్చు, బొమ్మలు ఎవడు వేస్తాడు, ఇంగ్లీషుకు భయపడి నోరు మూసుకున్న తెలివైనవాడు ఎవడు – మా తమ్ముళ్ళను మీ కళ్ళతో చూడండి. ఒకసారి చూసి వదిలేయకుండా రెండోసారి చూడండి. నన్ గారు చేసిందీ అదే. దానికి ఖర్చు లేదు, బస్సు చార్జీ తప్ప.