ఒడి చాలదా?

మన ఊళ్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇప్పుడు విదేశంలో బిడ్డో, అల్లుడో, మనుమడో లేని ఇల్లు అరుదైపోయినది. వెనుక రైలెక్కి మద్రాసుకో, కడపకో పోయి రావటమే మనకు పెద్ద ప్రయాణం. 2008 మేలో దేవనహళ్లి వద్ద కొత్త విమానాశ్రయం తెరచిన తరువాత, చంకలో బిడ్డతో పదునారు పదునేడు గంటలు గాలిలో తేలిపోవటం కూడ మన ఆడబిడ్డలకు మామూలైనది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఎక్కడా దిగకుండా మన ఊరికి విమానం వచ్చినపుడు, మా వీధిలో దానిని గురించి చెప్పుకొనని ఇల్లు లేదు.

పెద్దవాళ్ల సంగతి సరే. చంటిబిడ్డను ఎట్లా తీసుకొనిపోవాలె? ఈ ప్రశ్న మాకు ఎన్నడూ తోచలేదు. ఒడి ఉండగా బిడ్డకు వేరే ఆసనమెందుకు? మా అమ్మా, మేమూ, మా ఇంటావిడా అందరం అట్లాగే అనుకొన్నాము. ఆ అభిప్రాయం మారిన వైనమే ఈ వ్యాసం.

మా చెల్లెలు కాలిఫోర్నియాలో ఉంటున్నది. క్రిందటి సంవత్సరం పదకొండు నెలల కూతురుతో పుట్టింటికి వచ్చినది. మేము అద్దెకారు మాట్లాడుకొని, అమ్మను వెంటబెట్టుకొని విమానాశ్రయానికి పోయినాము. చెల్లెలి సామానులో పెట్టెలతో బాటు, గుడ్డ తొడిగిన ఒక పెద్ద ప్లాస్టిక్ కుర్చీవంటి వస్తువున్నది. బిడ్డ కారు సీటట. "అన్నయ్యా, దీన్ని వెనుక సీటులో కట్టుకొందాము" అన్నది. డ్రైవరు విసుగ్గా చూచినాడు. వెనుక టాక్సీలు హారన్లు కొడుతున్నవి. మేము పెద్దరికం వహించి, "ఇంటిదాకా గంట ప్రయాణమేనమ్మా, అమ్మ ఒడి లేదా?" అని ఆ సీటును డిక్కీలో పడవేయించినాము. అమ్మ సంతోషానికి మేరలేదు. మనుమరాలిని మొదటిసారి ఎత్తుకొన్నది గదా!

సాదహళ్లి టోలుగేటు దాటిన కొంతసేపటికి ఒక మోటారుసైకిలువాడు మా కారుకు అడ్డంగా తిరిగినాడు. డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కినాడు. గుద్దుకొనుట లేదు, గీత పడుట లేదు, బండి వేగం కూడ గొప్పగా లేదు. అయినా బిడ్డ అమ్మ చేతుల్లోనుండి జారి, ముందుసీటు వీపుకు నుదురు కొట్టుకొని, కాళ్ల దగ్గర పడినది. అమ్మ రెండు చేతులూ బిడ్డను పట్టుకొన్నట్లే ఉన్నవి, బిడ్డ మాత్రం వాటిలో లేదు.

భగవంతుని దయవల్ల బొప్పితో పోయినది. డాక్టరుగారు చూచి భయం లేదన్నారు. కాని ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. "నిన్నూ నీ చెల్లెలినీ ఈ చేతులతోనే పెంచినాను గదరా, ఇవే జారవిడిచినవే" అని కూర్చున్నది. తప్పు ఆమెది కాదు, మాది. అయినా ఆ మాట ఎంత చెప్పినా ఆమె చెవిని పెట్టలేదు.

మాది గుమాస్తా బుద్ధి. ఏ సంగతైనా కాగితాల మీద చూస్తే గాని మనసుకు పట్టదు. చెల్లెలు తిరిగిపోయేలోగా ఈ సీట్ల సంగతి ఆనుపానులు తెలుసుకోవాలని ఒక నోటుపుస్తకం పెట్టి, రాత్రులు కూర్చుని చదివి వ్రాసుకొన్నాము.

మొదట తెలిసినది మన చట్టమే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినపుడు 194-బి అనే సెక్షను చేర్చినారు. పదునాలుగేండ్ల లోపు పిల్లలను బెల్టుతోగాని, పిల్లల సీటుతోగాని భద్రపరచకుండ కారు నడిపితే వేయి రూపాయల జరిమానా. ఇరవై ఏండ్లుగా సర్క్యులర్లు ఫైలు చేస్తున్న మాకే ఇది తెలియకపోవటం సిగ్గుచేటు.

తరువాత, సీటు వెనుకకు ఎందుకు తిప్పుతారు అన్న ప్రశ్న. శిశువు ఒంటిపొడవులో దాదాపు నాలుగోవంతు తలయే. మెడ ఇంకా లేతది. బిడ్డ ముందుకు చూస్తూ కూర్చున్నపుడు బండి హఠాత్తుగా ఆగితే పట్టీలు ఒంటిని ఆపుతవి గాని, బరువైన తల ముందుకు పోయి మెడను లాగుతుంది. బిడ్డ వెనుకకు తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ సీటు వీపులోనికే ఒత్తుకొంటవి. అందుచేతనే సీటు అనుమతించే బరువూ ఎత్తూ దాటేవరకు వెనుకకే తిప్పి కూర్చోబెట్టండని అమెరికా పిల్లల వైద్యుల సంఘంవారు 2018లో చెప్పినారు. కాలిఫోర్నియాలోనైతే రెండేండ్లలోపు బిడ్డకు, నలభై పౌండ్ల బరువో నలభై అంగుళాల ఎత్తో వస్తే తప్ప, ఇది చట్టమే.

సరే, కారు సంగతి ఒప్పుకొన్నాము. విమానంలో కూడ ఎందుకు? అక్కడ మోటారుసైకిలువాడు అడ్డం రాడు గదా అని మా ఇంటావిడ అడిగినది. మేమూ అదే అడిగి చదివినాము. చదివినది చెప్పుతాము.

1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ కంపెనీవారి 232వ నంబరు విమానం ఇంజను చెడి, అయోవా రాష్ట్రంలో సూ సిటీ అనేచోట నేలను తాకి ముక్కలైనది. అందులో ఉన్న 296 మందిలో 112 మంది పోయినారు. నలుగురు చిన్నబిడ్డలు టిక్కెట్టు లేక పెద్దల ఒడిలో ప్రయాణం చేస్తున్నారు. విమానం దిగేముందు, ఆనాటి పద్ధతి ప్రకారం, బిడ్డలను కాళ్ల దగ్గర నేలమీద పెట్టి పట్టుకొనవలసినదని పరిచారికలలో పెద్దయైన జాన్ బ్రౌన్ అనే ఆమె తల్లులకు చెప్పినది. ఆ నలుగురిలో ఒక బిడ్డ దక్కలేదు. మరొక పసిపాప ఎగిరి పైనున్న సామానుల అరలో పడగా, ఒక ప్రయాణికుడు ఏడుపు విని వెనుకకు వచ్చి తీసి కాపాడినాడు. ఆ పాప వయసు పదకొండు నెలలు. ఆ అంకె దగ్గర మేము పుస్తకం మూసి కొంతసేపు ఊరకుండినాము.

తాను చెప్పవలసి వచ్చిన ఆ మాటను ఇంకెవరూ చెప్పరాదని, ప్రతి బిడ్డకూ సీటు తప్పనిసరి చేయండని ఆ పరిచారిక తరువాత ఎన్నో ఏండ్లు పోరాడినది. అయినా అమెరికా ప్రభుత్వంవారి విమానశాఖ, ఎఫ్.ఏ.ఏ., బిడ్డలకు సీటే భద్రమని గట్టిగా చెప్పుతూనే, తప్పనిసరి మాత్రం చేయలేదు. వారు చూపిన కారణం విచిత్రమైనది. టిక్కెట్టు ఖర్చు పెరిగితే కుటుంబాలు విమానం మాని కార్లలో పోతారట, రోడ్డుమీద చావులు అంతకంటె హెచ్చట. అమెరికావారికి అది న్యాయమే కావచ్చును. బెంగుళూరునుండి కాలిఫోర్నియాకు కారులో పోయే తెలుగువారు మాకు తెలిసినంతలో ఎవరూ లేరు.

ప్రమాదాల మాట అటుంచండి, కుదుపులు చాలు. 2024 మే 21న లండనునుండి సింగపూరు పోయే విమానం బర్మామీద ఎగురుతుండగా కుదుపులలో చిక్కి, అయిదు సెకన్లలోపున 178 అడుగులు క్రిందికి పోయినది. బెల్టు లేనివారు పైకప్పుకు కొట్టుకొన్నారు. ఒక ప్రయాణికుడు మరణించినాడు. అట్టి క్షణంలో నిద్రపోతున్న తల్లి చేతుల పట్టు ఎంతమాత్రం?

ఇక టిక్కెట్ల సంగతి. రెండేండ్లు నిండని బిడ్డను ఒడిలో తీసుకొనిపోవచ్చును. విదేశ ప్రయాణంలో అందుకు చాల కంపెనీలు పెద్దల చార్జీలో పదోవంతు మాత్రమే పుచ్చుకొంటవి. సీటు కావాలంటే పిల్లల చార్జీ చెల్లించాలె. అది ముప్పాతికో, ఒక్కొక్కచోట పూర్తిగానో ఉంటుంది. ఈ తేడా చూచే మనవాళ్లంతా ఒడి అంటారు. మేము తప్పు పట్టము. మా జీతానికి అది చిన్న మొత్తం కాదు. ఒక మెలిక మాత్రం మరువరాదు. పోయేటప్పుడు ఇరవైమూడు నెలలున్న బిడ్డకు అక్కడ ఉండగా రెండేండ్లు నిండితే, తిరుగు ప్రయాణానికి సీటు కొనక తప్పదు. మా ఆఫీసులో ఒకాయన ఈ సంగతి చివరివారంలో తెలిసి లబలబలాడినారు.

ఒడిలో బిడ్డకు కొన్ని దేశాల విమానాలలో తల్లి బెల్టుకు తగిలించే చిన్న బెల్టు ఇస్తారు. బిడ్డ ఎగిరిపోకుండ అది కొంత ఆపుతుంది. గట్టి దెబ్బ తగిలితే తల్లి ముందుకు వంగి, ఆమె బరువంతా బిడ్డమీద పడుతుంది. ఈ కారణంగానే అమెరికావారు దానిని ఒప్పుకోరు. ముందరి గోడకు తగిలించే తొట్టి నిద్రకు సుఖమేగాని, విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు, బెల్టు దీపం వెలిగినపుడు బిడ్డను అందులోనుండి తీయవలసిందే.

సీటు కొని, బిడ్డను ఊరకే అందులో కూర్చోబెట్టినా లాభం లేదు. విమానం బెల్టు ఆ చిన్న నడుముకు ఆనదు. కారు సీటునే తీసుకొనిపోయి దానిమీద బిగించాలె. అన్ని కారు సీట్లూ పనికిరావు. అమెరికాలో అమ్మే సీటైతే ప్రక్కన అంటించిన చీటీలో, మోటారు వాహనాలలోను విమానాలలోను వాడదగినదని ఎర్ర అక్షరాలలో ఉండాలె. టేపు తీసి వెడల్పు కొలవండి. పదహారు అంగుళాలు మించకపోతే చాల విమానాలలో పడుతుంది. దానిని కిటికీ ప్రక్కనే పెట్టాలె, నడవ ప్రక్కన పెడితే ఇతరులకు దారి అడ్డం. అత్యవసర ద్వారం వరుసలోగాని, దాని ముందు వెనుక వరుసలలోగాని పెట్టనివ్వరు. పెద్ద పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టరు పీట విమానంలో పనికిరాదు, భుజంమీది బెల్టు అక్కడ లేదు గనుక.

మోయటం కష్టమనేవారికి కేర్స్ అనే పట్టీలున్నవి. విమానం సీటు వీపు చుట్టూ తగిలించి బిడ్డ భుజాలమీదుగా బిగించేవి. ఏడాది దాటి, పది నుండి ఇరవై కిలోల బరువు, మీటరు లోపు ఎత్తున్న పిల్లలకు ఎఫ్.ఏ.ఏ.వారు అనుమతించినారు. బరువు అర్ధకిలో పాటి. కాని ఇవి కారులో పనికిరావు. దిగిన తరువాత టాక్సీలో మళ్లీ ఒడే గతి అవుతుంది. మా మేనకోడలికి అప్పటికి తొమ్మిది కిలోలు కూడ లేవు గనుక ఆ మాటే రాలేదు.

చెల్లెలు ముందు ఒడి టిక్కెట్టే కొన్నది. టోలుగేటు సంగతి తరువాత, బిడ్డ తిరుగు ప్రయాణానికి సీటు కొన్నాము. అమ్మ తన పోస్టాఫీసు సొమ్ములోనుండి సగం తీసి యిచ్చినది. వద్దన్నాము, వినలేదు.

తరువాత విమాన కంపెనీకి వ్రాసినాము. మొదటి జవాబు, మా లేఖ అందినదని. రెండవ జవాబు, తొట్టి కావాలా అని. మూడవసారి సీటు పేరు, వెడల్పు, ఎర్ర అక్షరాల చీటీ ఫొటో జతపరచి, అవునా కాదా అని ఒక్క ప్రశ్నే అడిగినాము. అప్పుడు అవునన్నారు. ఆ జవాబు రెండు ప్రతులు అచ్చుతీసి చెల్లెలి సంచిలో పెట్టినాము. ఇది మంచి పనైనది. బయలుదేరేనాడు కౌంటరులో ఉన్న అమ్మాయి సీటును సామానులో వేయమన్నదట. కాగితం చూపితే పైవారిని అడిగి వచ్చి పంపినదట. నోటిమాట మీద ఆధారపడి ఉంటే ఆ సీటు ఈపాటికి విమానం పొట్టలోనే ప్రయాణం చేసి ఉండును.

విమానాశ్రయం దాకా తీసుకొనిపోయే కారు మరొక కథ. చెల్లెలు కారులో బెల్టును పూర్తిగా లాగితే తాళం పడి అట్లాగే నిలుస్తుందట. మేము తెచ్చిన అద్దెకారులో బెల్టు బ్రేకు వేసినపుడే ఆగుతుంది, మిగిలినవేళ వదులే. అమెరికా సీటు ఇక్కడి బెల్టుతో నిలువక ఊగులాడినది. గంటసేపు తంటాలు పడిన తరువాత సీటు ప్రక్కన ఉన్న చిన్న నొక్కుడు కొక్కెం సంగతి దానితో వచ్చిన పుస్తకంలో చూచినాము. బెల్టు దానిక్రింద దూర్చి నొక్కితే బిగిసినది. బెల్టు పోయేచోట పట్టుకొని ఊపితే అంగుళం మించి కదలరాదు. భుజం పట్టీ రెండు వ్రేళ్ల మధ్య ముడుత పడరాదు. రొమ్ముమీది కొక్కెం చంకల ఎత్తున ఉండాలె. మందపు స్వెట్టరు వేసి పట్టీ బిగించరాదు, పైన కప్పవచ్చును. ఈసారి బయలుదేరే ముందురోజే కారు తెప్పించి కట్టి చూచినాము. డ్రైవరుకు కాఫీ ఇప్పించినాము, అతడూ ఓపికపట్టి నేర్చుకొన్నాడు.

దిగేచోటి పద్ధతులు కూడ ముందే విచారించుకోవాలె. ఇంగ్లండులో పన్నెండేండ్లో, 135 సెంటీమీటర్ల ఎత్తో వచ్చేవరకు పిల్లల సీటు ఉండాలె. ఆస్ట్రేలియాలో వారి ముద్ర ఉన్న సీటే చెల్లుతుంది. ఇక్కడ కొన్నదిగాని, అమెరికాలో కొన్నదిగాని అక్కడి కారులో పనికిరాదు. అమెరికాకూ అంతే, అక్కడి ముద్ర కావాలె. కనుక మెల్‌బోర్న్ పోయేవారు ఇక్కడ డబ్బుపోసి కొనకుండ, అక్కడివారిచేత ముందే ఒకటి సిద్ధం చేయించుకోవటం మేలు. ఎవరో వాడిన సీటు తీసుకొంటే అడుగున అచ్చువేసిన గడువు తేదీ చూడండి. ఒకసారి ప్రమాదంలో ఉన్న సీటును, పైకి బాగున్నా, పుచ్చుకొనకండి.

బయలుదేరేనాడు అమ్మ వెనుక సీటులో బిడ్డ ప్రక్కన కూర్చున్నది. వెనుకకు తిరిగి ఉన్న బిడ్డ ముఖం ఆమెకు దారి పొడుగునా కనబడుతూనే ఉన్నది. హెబ్బాళం దాటేసరికి బిడ్డ ఆమె చూపుడువ్రేలు పట్టుకొని నిద్రపోయినది. విమానాశ్రయం దాకా అమ్మ ఆ వ్రేలు కదపలేదు.