పుస్తకంలో పేరు – పొలం మీద హక్కు

"ఈ పొలం ఎవరిది?" అని అడిగితే మన ఊళ్లల్లో రకరకాల జవాబులు వస్తాయి.

"పాసు పుస్తకం నా పేరున ఉంది. కాబట్టి నాదే" అంటాడు ఒకాయన. "ఇరవై ఏళ్లుగా నేనే దున్నుతున్నాను. నాదే" అంటాడు ఇంకొకాయన. "డబ్బిచ్చి కొన్నాను. కాగితం రాయించుకున్నాను. నాదే" అంటాడు మరొకాయన. "అది మా నాన్న పొలం. అందులో నాకూ వాటా ఉంది" అంటుంది పెళ్లై వెళ్లిన ఆడబిడ్డ.

నలుగురిలో ఎవరి మాట నిలుస్తుంది? ఇది తెలియాలంటే రెండు మాటలకు అర్థం తెలియాలి. ఒకటి యాజమాన్యం. రెండోది టైటిల్. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. తేడా తెలియక పొలం పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి.

రెండు ప్రశ్నలు

"ఈ పొలాన్ని నువ్వు ఏం చేసుకోవచ్చు?" అనే ప్రశ్నకు జవాబు యాజమాన్యం. సొంతదారు పొలాన్ని దున్నుకోవచ్చు. కౌలుకు ఇవ్వవచ్చు. తాకట్టు పెట్టవచ్చు. అమ్ముకోవచ్చు. బిడ్డలకు రాసివ్వవచ్చు. ఎవరైనా గట్టు దాటి వస్తే అడ్డుకోవచ్చు. ఈ అధికారాలన్నీ కలిస్తే యాజమాన్యం.

"ఈ పొలం నీకు ఎలా వచ్చింది?" అనే ప్రశ్నకు జవాబు టైటిల్. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి నాకు వచ్చింది అనవచ్చు. కొన్నాను అనవచ్చు. దానంగా వచ్చింది అనవచ్చు. పంపకాల్లో వచ్చింది అనవచ్చు. ప్రభుత్వం ఇచ్చింది అనవచ్చు. చట్టం ఒప్పుకునే దారిలో వస్తేనే అది టైటిల్. ఆ దారి సరిగా ఉంటేనే యాజమాన్యం నిలుస్తుంది.

మరి మన పెట్టెలో దాచుకున్న పుస్తకం ఏమిటి? అది సాక్ష్యం. పూర్వం రైతుకు రెండు పుస్తకాలు ఇచ్చేవారు. ఒకటి పాసు పుస్తకం, రెండోది టైటిల్ డీడు. తెలంగాణలో తరువాత రెండూ కలిపి ఒకే పుస్తకం ఇచ్చారు. ఆ పుస్తకం మీద టైటిల్ అని రాసి ఉండటంతో పుస్తకమే హక్కు అని జనం అనుకున్నారు. కానీ పుస్తకం హక్కును పుట్టించదు. ఉన్న హక్కును చూపిస్తుంది. అంతే.

రేషను కార్డు సంగతి చూడండి. కార్డులో బిడ్డ పేరు ఎక్కకపోతే ఆ బిడ్డ మన బిడ్డ కాకుండా పోతుందా? పోదు. కానీ ఆ బిడ్డ వంతు బియ్యం రావు. పొలం సంగతీ అంతే. పుస్తకంలో పేరు లేనంత మాత్రాన హక్కు పోదు. కానీ పేరు లేకపోతే బ్యాంకు లోను ఇవ్వదు. ప్రభుత్వ సాయం అందదు. అమ్మబోతే కొనేవాళ్లు రారు. అందుకే హక్కూ కావాలి, పేరూ ఎక్కాలి.

ఆరెకరాల పొలం

ఒక ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నాడనుకుందాం. తన కష్టంతో ఆరెకరాలు కొన్నాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. భార్య ముందే పోయింది. వీలునామా రాయకుండానే పెద్దాయన కూడా చనిపోయాడు. పెద్ద కొడుకు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆరెకరాలూ తన పేరున పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. కొన్నాళ్లకు చిన్న కొడుకు జబ్బు చేసి పోయాడు. అతని భార్య ఇద్దరు పిల్లలతో మిగిలింది.

ఒకరోజు బావగారు ఆమె దగ్గరికి ఒక కాగితం తెచ్చాడు. "బ్యాంకు లోనుకు సంతకం కావాలమ్మా. ఇక్కడ పెట్టు" అన్నాడు.

ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కుంటూ చదివింది. "పొలంలో నాకు గల హక్కును వదులుకుంటున్నాను" అని ఉంది.

"బావగారూ, ఇందులో లోను మాట లేదు. హక్కు వదులుకుంటున్నట్టు రాశారు" అంది.

"పుస్తకం నా పేరున ఉంది. నీకు హక్కెక్కడిది?" అన్నాడు ఆయన.

హక్కే లేకపోతే వదులుకునే కాగితం ఎందుకు? హక్కు ఉంది కాబట్టే ఆ సంతకం కావలసి వచ్చింది.

హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. దాని ప్రకారం, వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితం కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతుంది. భార్య, తల్లి బతికి ఉంటే వాళ్లకూ ఒక్కో వాటా ఉంటుంది. ఇక్కడ ముగ్గురు వారసులు. ఒక్కొక్కరికి రెండెకరాలు. పెద్దాయన కన్నుమూసిన నాడే ఆ హక్కు ముగ్గురికీ వచ్చేసింది. చిన్న కొడుకు రెండెకరాలు అతని భార్యకూ పిల్లలకూ చెందుతాయి. పుస్తకంలో పెద్ద కొడుకు పేరు ఎక్కినంత మాత్రాన మిగతా నాలుగెకరాలు ఆయనవి కావు. రెవెన్యూ రికార్డులో పేరు మారితే హక్కు పుట్టదు, పోదు అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది.

ఆమె సంతకం పెట్టలేదు. ఆడబిడ్డను వెంటబెట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళ్లింది. మామగారి మరణ ధృవపత్రం, భర్త మరణ ధృవపత్రం, కుటుంబ సభ్యుల ధృవపత్రం పెట్టి దరఖాస్తు చేసింది. ఇలా వారసుల పేర్లు ఎక్కించడాన్ని పేరు మార్పిడి అంటారు. తెలంగాణలో విరాసత్ అంటారు. వారసులు ఒప్పుకోక తగాదా వస్తే సివిల్ కోర్టు తేల్చాలి. వకీలుకు ఇచ్చే డబ్బు లేదని భయపడనక్కర లేదు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లకు పుట్టుకతోనే వాటా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని ఆడపిల్లలకు ఈ హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా ఆడపిల్లలందరికీ వచ్చింది. తండ్రి 2005కు ముందే పోయినా కూతురికి హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పంపకాలు అయిపోయి ఉంటే వాటిని కదిలించరు. ముస్లింలకు, క్రైస్తవులకు వారసత్వ చట్టాలు వేరు.

పట్టా ఉన్నా అమ్మే హక్కు లేనిచోట

భూమి లేని పేదలకు ప్రభుత్వం భూమి ఇస్తుంది. ఆ కాగితాన్ని డి.పట్టా అంటారు. తెలంగాణలో లావుణి పట్టా అంటారు. ఈ భూమిని దున్నుకోవచ్చు. బిడ్డలకు వారసత్వంగా వస్తుంది. కానీ అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది. అంటే పట్టా ఉంది, యాజమాన్యంలోని అన్ని అధికారాలూ లేవు. అవసరానికి తక్కువ ధరకు వస్తుందని ఇలాంటి భూమి కొన్నవాళ్లు డబ్బూ భూమీ రెండూ పోగొట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఈ చట్టాన్ని కొంత మార్చారు. కాబట్టి ఆ భూమి అమ్మకానికి వీలుందో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడగకుండా బయానా ఇవ్వవద్దు.

డబ్బిచ్చినా హక్కు రానిచోట

తెల్లకాగితం మీద రాయించుకుని, పెద్దమనుషుల సంతకాలు పెట్టించుకుని పొలం కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. దీన్ని తెలంగాణలో సాదా బైనామా అంటారు. వీళ్లు డబ్బిచ్చారు. పొలం దున్నుతున్నారు. కానీ వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల భూమి అమ్మకం రిజిస్టరు కావాలని 1882 నాటి చట్టం చెబుతోంది. రిజిస్టరు కాకపోతే టైటిల్ చేతులు మారదు. వీటిని సరిచేయమని తెలంగాణలో 2020లో లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. వ్యవహారం కోర్టుకు వెళ్లడంతో ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

ఇళ్లస్థలాలను అగ్రిమెంటు మీద, జి.పి.ఏ. మీద అమ్మేవాళ్లు ఉన్నారు. వాటితో అమ్మకం పూర్తి కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది.

దున్నినా సొంతం కానిచోట

కౌలు రైతు చేతిలో పొలం ఉంటుంది. టైటిల్ ఉండదు. ఎన్నేళ్లు దున్నినా, సొంతదారు ఒప్పుకోలుతో దున్నుతున్నాడు కాబట్టి ఆ పొలం అతనిది కాదు. కౌలు కార్డు ఇస్తే పొలం పోతుందని కొందరు సొంతదారులు భయపడతారు. ఆ భయం అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన చట్టం కౌలు రైతుకు 11 నెలలకు, పంట మీద మాత్రమే హక్కు ఇచ్చింది.

ఆక్రమణ సంగతి వేరు. పరాయివాడు మన పొలంలో దిగి, ఇది నాదే అని అందరికీ తెలిసేలా 12 ఏళ్లు ఆపకుండా అనుభవిస్తే, తరువాత మనం కోర్టులో గెలవడం కష్టం. ఈ గడువు 1963 నాటి చట్టంలో ఉంది. పట్నం వలసపోయినవాళ్లు ఏడాదికోసారైనా వచ్చి తమ పొలం గట్లు చూసుకోవాలి.

రిజిస్టరైతే చాలా?

చాలదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాగితాన్ని నమోదు చేస్తారు. అమ్మేవాడు నిజమైన సొంతదారో కాదో తీర్పు చెప్పరు. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరు. బావగారు ఆరెకరాలూ అమ్మి రిజిస్టరు చేసినా, కొన్నవాడికి దక్కేది ఆయన రెండెకరాల వాటాయే.

అందుకే కొనేముందు ఇవి చూడాలి:

1. ఈ పొలం అమ్మేవాడికి ఎలా వచ్చింది? అంతకు ముందు ఎవరిది? వరుసగా పాత దస్తావేజులు అడగాలి. వీటిని లింకు డాక్యుమెంట్లు అంటారు. గొలుసులో ఒక్క లింకు తెగినా అనుమానించాలి.

2. పొలం మీద అప్పు, తాకట్టు ఉన్నాయా? ఇ.సి. తీస్తే రిజిస్టరైనవి తెలుస్తాయి.

3. అడంగల్‌లో, తెలంగాణలో అయితే పహాణీలో, ఎవరి పేరుంది? నేల మీద ఎవరు దున్నుతున్నారు?

4. ఇంట్లో వారసులు ఎందరు? ఆడబిడ్డలు, కోడళ్లు ఒప్పుకున్నారా?

5. అది ప్రభుత్వ భూమా? అమ్మకూడని భూముల జాబితాలో ఉందా?

కాగితం దూరమైతే

పొలం తాకట్టు పెడితే కాగితాలు బ్యాంకులో ఉంటాయి. అయినా పొలం మనదే. అప్పు తీర్చగానే కాగితాలు అడిగి తెచ్చుకోవాలి. దస్తావేజు వరదలో పోయినా, చెదలు తిన్నా హక్కు పోదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు.

మీ ఇంట్లో పాసు పుస్తకం ఉందా? ఇవాళే తీయండి. ఎవరి పేరు ఉందో చదవండి. సర్వే నంబరు చూడండి. ఎన్ని ఎకరాలు, ఎన్ని సెంట్లు లేక ఎన్ని గుంటలు రాశారో చూడండి. ఇంకా చనిపోయినవాళ్ల పేరే ఉంటే, పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టండి. ఎవరు ఏ కాగితం తెచ్చినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవండి. అర్థం కాని మాట ఒక్కటి ఉన్నా, తెలిసినవాళ్లను అడిగాకే సంతకం పెట్టండి.