కీజెన్: బ్రౌజర్‌లోనే తాళంచెవి తయారుచేసిన ట్యాగ్ ఏమైంది?

2016లో బీటెక్ ఫస్టియర్. శాలిబండలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని, ఫైర్‌ఫాక్స్‌లో ఈమెయిల్ కోసం డిజిటల్ సర్టిఫికెట్‌కి అప్లై చేశా. ఫారంలో పేరు, మెయిల్ ఐడీ కింద ఒక డ్రాప్‌డౌన్: హై గ్రేడ్, మీడియం గ్రేడ్. ఏంటో అర్థం కాలేదు, హై గ్రేడ్ పెట్టి సబ్మిట్ కొట్టా. మర్నాడు సర్టిఫికెట్ వచ్చింది. కానీ రాత్రికి రాత్రే సెంటర్ అన్న ఆ సిస్టమ్‌ని ఫార్మాట్ చేసేశాడు. సర్టిఫికెట్ ఉంది, దాని ప్రైవేట్ కీ పోయింది. ఇక అది దేనికీ పనికిరాదు.

ఆ డ్రాప్‌డౌనే కీజెన్, నెట్‌స్కేప్ కాలం నాటి హెచ్‌టీఎంఎల్ ట్యాగ్. సబ్మిట్ నొక్కగానే బ్రౌజర్ రెండు కీలు తయారుచేసేది. పబ్లిక్ కీ సర్వర్‌కి వెళ్లేది, ప్రైవేట్ కీ మాత్రం ఆ కంప్యూటర్ దాటేది కాదు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకి కూడా కనిపించదు. ఐడియా బంగారం! కానీ కీ ఎక్కడ దాచిందో, బ్యాకప్ తీసుకోవాలో లేదో యూజర్‌కి ఒక్క ముక్క చెప్పేది కాదు. పైగా లోపల సంతకానికి వాడింది ఎప్పుడో బలహీనపడిన ఎండీ5. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయితే దీన్ని అసలు సపోర్టే చేయలేదు.

క్రోమ్ 2016లో దీన్ని డిఫాల్ట్‌గా ఆపేసి, 2017లో వెర్షన్ 57తో పూర్తిగా తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లో, 69తో. తీసేయొద్దని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీనే వాదించారు. బదులుగా ఇంకోటి ఇవ్వకుండా తీయడం తప్పన్న మాట కరెక్టే. కానీ నా కీ పోయింది కాబట్టి, నేను క్రోమ్ వైపే.

ఇప్పుడు టెండర్లకి, కంపెనీ ఫైలింగ్‌లకి వాడే డిజిటల్ సిగ్నేచర్‌కి 2000 ఐటీ చట్టం ఆధారం. మన మాసాబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ కూడా ఈ చట్టం కింద లైసెన్స్ పొందిన సంస్థే. ఈ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది. కీ ఆ చిప్‌లోనే పుడుతుంది, బయటికి కాపీ కాదు. కంప్యూటర్ ఫార్మాట్ అయినా భయం లేదు.

భయం వేరే చోట ఉంది. చార్మినార్ దగ్గర ఉండే మా మామయ్య చిన్న కాంట్రాక్టర్. టోకెన్ మీద స్టిక్కర్ అంటించి, దాని మీదే పిన్ రాసి, ఫారాలు నింపే కుర్రాడి దగ్గరే వదిలేశారు. "వాడు మనోడేరా" అంటారు. మనోడే కావచ్చు, కానీ ఆ టోకెన్, పిన్ చేతిలో ఉంటే ఎవరైనా మామయ్య పేరుతో సంతకం పెట్టేయొచ్చు. చట్టం దగ్గర అది మామయ్య సంతకమే. మొన్న వెళ్లినప్పుడు స్టిక్కర్ పీకేసి, పక్కన కూర్చుని పిన్ మార్పించా. టోకెన్ ఇప్పుడు ఇంట్లో బీరువాలో ఉంది.