అమ్మలో మ ఒత్తు

జూన్‌లో బడులు తెరిచిన వారం ఒక తల్లి తన కూతుర్ని ఒకటో తరగతిలో చేర్పించడానికి తీసుకొచ్చింది. "మా పాపకి అ నుంచి ఱ దాకా అన్నీ వచ్చు టీచరూ, గడగడా అప్పజెప్పేస్తాది" అంది. పాప నిజంగానే అప్పజెప్పింది. నేను పలక మీద 'మ' రాసి "ఇదేమిటమ్మా?" అని అడిగాను. పాప పలక వంక ఒకసారి చూసి, గోడ మీది అక్షరమాల వైపు తిరిగింది. వేలు గాల్లో కదుపుతూ క, ఖ, గ, ఘ అంటూ వరసగా వచ్చి, పలక మీది బొమ్మ లాంటిది కనిపించిన చోట ఆగి, "మ!" అంది సంబరంగా. తర్వాత 'ర' రాశాను. మళ్లీ క దగ్గర నుంచే మొదలు.

ఆ పిల్ల తెలివైనది. వరస గుర్తుంది, వరసను బట్టి కావలసిన చోటికి చేరుకునే ఉపాయం కూడా తనే కనిపెట్టుకుంది. కానీ దాన్ని చదవడం అనలేం. 'వరద' అనే మూడక్షరాల మాట చదవాలంటే ఆమె మూడుసార్లు అక్షరమాల అంతా నడిచి రావాలి. మూడో అక్షరం దొరికేసరికి మొదటిది మనసులోంచి జారిపోతుంది. మాట కుదరదు, అర్థం అందదు. రెండో తరగతిలో "చదవడం రాని పిల్లలు" అని మనం పేరు పెట్టే వాళ్లలో ఇలాంటి వాళ్లను నేను చాలామందిని చూశాను. ఇరవై ఏళ్లుగా ఒకటి, రెండు తరగతులకే చెబుతున్నాను. ఒకే గదిలో రెండు తరగతులూ కూర్చునే బడి మాది.

అక్షరమాల వరస చాలా అందమైనది. నోట్లో ఎక్కడ పుట్టే ధ్వని ఎక్కడ ఉండాలో చూసి అమర్చిన వరస అది. గొంతు దగ్గర క నుంచి పెదవుల దగ్గర మ దాకా. పెద్దయ్యాక వ్యాకరణం చదివేవాళ్లకు అది వరం. ఆరేళ్ల పిల్లలకు మాత్రం అది ఒక పాట. పాటను పాటగానే పాడిద్దాం, నేనూ పాడిస్తాను. అక్షరం గుర్తుపట్టే పనిని దాని నుంచి విడదీయాలని మాత్రమే నా మాట. అందుకే సుద్దముక్కతో నేల మీద అక్షరాలు చెల్లాచెదురుగా రాసి, పిలిచిన అక్షరం మీదికి గెంతమంటాను. గోడ మీది చార్టును కొన్నాళ్లు తిప్పి పెడతాను. పిల్లలు మొదటి రోజు గోల చేస్తారు. వారం తిరిగేసరికి దాని అవసరం తీరిపోతుంది.

గుణింతం దగ్గరికి వచ్చేసరికి ఇదే కథ ఇంకా పెద్దదవుతుంది. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని తరగతి అంతా ఒక్క గొంతుతో చెబుతుంటే వినడానికి ఎంతో బాగుంటుంది. 35 హల్లులకు 12 గుర్తుల చొప్పున లెక్కేసినా 420 రూపాలు. ఇన్నింటినీ విడివిడిగా బట్టీ పెట్టించడం ఎవరి తరమూ కాదు. పిల్లలు పట్టుకోవలసింది గుర్తును. గుడి అంటే ఇ ధ్వని, అది ఏ అక్షరం నెత్తిన కూర్చున్నా అంతే. ఇది పట్టుబడితే 'కి' తెలిసిన పిల్ల ఎప్పుడూ చూడని 'ధి'ని కూడా చదివేస్తుంది.

ఇక్కడ మన లిపి కొన్ని చోట్ల పిల్లల్ని తికమక పెడుతుంది. తప్పు వాళ్లది కాదని ముందు మనకు తెలియాలి. ఖ, జ, ట, ణ, బ, ల వంటి వాటికి అసలు తలకట్టే లేదు. అయినా "లకు తలకట్టిస్తే ల" అని మనం అనిపిస్తాం. ఒకసారి ఒక పిల్లవాడు ల మీద తలకట్టు ఎక్కడుందని పుస్తకానికి ముఖం ఆనించి వెతికాడు. వాడిది సరైన ప్రశ్న. "దీనికి ఉండదు నాన్నా, ఇలాంటివి ఇంకా ఉన్నాయి, వెతుకుదాం రా" అన్నాను. ఆ పూట తరగతి అంతా తలకట్టు లేని అక్షరాల వేటలో పడింది. అలాగే 'వు'. చాలా అక్షరాలకు కొమ్ము కుడిపక్కన వస్తుంది, వ వంటి కొన్నింటికి మాత్రం కింది నుంచి వస్తుంది. వకు పక్కన పెడితే అది మ అయిపోతుంది కాబట్టి. 'ఆవు' రాయమంటే 'ఆమ' రాసిన పిల్ల నియమాన్ని నమ్మి రాసింది. ఆ ఒక్క సంగతి చెప్పి రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే సరిపోతుంది. ఎర్ర ఇంకుతో కొట్టేస్తే ఆమెకు తెలిసేది తాను తప్పు చేశానని మాత్రమే.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఒత్తులు.

చాలా హల్లులకు ఒత్తు దాదాపు ఆ అక్షరం లాగే ఉంటుంది. తలకట్టు తీసేసి, చిన్నది చేసి కింద పెట్టడమే. 'అక్క'లో క కింద ఉన్నది క అని పిల్లలు పోల్చుకోగలరు. త, న, మ, య, ర, ల అనే ఆరింటికి మాత్రం ఒత్తు రూపం పూర్తిగా వేరు. అసలు అక్షరానికీ దానికీ పోలికే ఉండదు. ఇప్పుడు పిల్లలకు పుట్టినప్పటి నుంచి తెలిసిన మాటలు చూడండి. అమ్మ, నాన్న, అన్న, తమ్ముడు, చెల్లి, అత్త, పిన్ని, తాతయ్య. ఇల్లు, అన్నం, పిల్లి. ప్రతి మాటలోనూ ఆ ఆరింటిలో ఒకటి ఉంది. పిల్లలకు అతి దగ్గరి మాటలెన్నో లిపిలో అతి కష్టమైన చోట ఉన్నాయి.

మనం ఏం చేస్తున్నాం? వాచకం మొదటి పేజీలోనే 'అ' పక్కన అమ్మ బొమ్మ వేసి, కింద 'అమ్మ' అని రాస్తాం. ఒత్తుల పాఠం మాత్రం గుణింతాలన్నీ అయ్యాక, నెలలు గడిచాక వస్తుంది. అన్నాళ్లూ పిల్ల ఆ మాటను బొమ్మ చూసి చెబుతోంది తప్ప చదవడం లేదు. చెప్పి రాయించినప్పుడు 'అమ', 'పిలి', 'నాన' అని రాస్తుంది.

నేను కొన్నేళ్లుగా ఈ వరస మార్చుకున్నాను. ఒకటో తరగతి రెండో నెలలోనే మ ఒత్తు చెబుతాను. పాఠంగా చెప్పను. బోర్డు మీద 'అమ' అని రాసి చదవమంటాను. పిల్లలు నవ్వుతారు, "అమ కాదు టీచరూ, అమ్మ!" అంటారు. "మరి ఇంకో మ ఏది?" అని అడుగుతాను. పెదవులు రెండుసార్లు నొక్కుకుని చూడమంటాను. అప్పుడు కింద ఆ చిన్న ఒత్తు పెడతాను. ఆ క్షణంలో గదిలో ఉండే నిశ్శబ్దం ఎన్నేళ్లు చూసినా నాకు పాతబడదు. మర్నాడు న ఒత్తుతో నాన్న వస్తాడు. ఆ వారంలోనే ఎవరో ఒకరు ఇంటి నుంచి పలక మీద తమ్ముడి పేరు రాసుకొస్తారు.

ర ఒత్తుకు మాత్రం తొందరపడను. 'చక్రం'లో నోరు ముందు క అంటుంది, తర్వాత ర. కంటికి మాత్రం ఆ గీత ఎడమ నుంచి వచ్చి కను చుట్టుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే పిల్లలు 'చర్కం' అని చదువుతారు. చదువులో వెనకబడ్డారనుకోకండి, కన్ను చూసిన వరసలో చదివారు.

ఒక ఉదయం రెండో తరగతి పిల్లవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "రేతిరి మా మేక ఈనింది టీచరూ! రెండు పిల్లలు!" ఆ రోజు పాఠం పక్కన పెట్టి ఆ మాటల్నే బోర్డు మీద రాశాను, వాడు అన్నది అన్నట్టే. తరగతిలో సగం మంది ఊహించుకుంటూ చదివేశారు, ఎందుకంటే మేక సంగతి అందరికీ కావాలి. అప్పుడే గమనించాను, 'రాత్రి'లో కష్టమైన ర ఒత్తు ఉంది, 'రేతిరి'లో ఏ ఒత్తూ లేదు. ఇంటి మాట లిపిలో కూడా తేలిక. దాని పక్కనే 'రాత్రి' రాసి, పుస్తకంలో ఇలా ఉంటుందని చెప్పాను. ఇంటి మాటను కొట్టివేయలేదు.

ఇంటి మాట బోర్డు మీద రాస్తే పిల్లలు చెడిపోతారని అనే తోటి ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ తెలుగు నేల మీదే 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టారు, వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. వాడుక భాష బడిలోకి రావాలని జీవితాంతం పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు దండ వేసి, మర్నాడు 'రేతిరి' అన్న పిల్లవాడిని గద్దించడం నాకు చేతకాదు.

ఇప్పుడు చదువు వేగాన్ని కొలిచే రోజులు వచ్చాయి. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, మొదటి లెక్కలు రావాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అన్నది లక్ష్యం. లక్ష్యం మంచిదే, ఇన్నాళ్లకు చిన్న తరగతుల మీద దేశం దృష్టి పడింది. అయితే మాట అంటే అన్ని భాషల్లో ఒకే పొడవు కాదు. మన 'ఇంట్లోంచి' ఒక మాట. హిందీలో అదే 'ఘర్ మే సే', మూడు మాటలు. గడియారం పెట్టుకుని కొలిచేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. నిమిషానికి 30 మాటలు చదివి మేకకు ఎన్ని పిల్లలో చెప్పగలిగిన పిల్ల, 60 చదివి ఏమీ చెప్పలేని పిల్ల కంటే నా లెక్కలో ముందుంది.

చూచిరాత పుస్తకాల గురించి కూడా ఒక మాట. ముత్యాల్లాంటి అక్షరాలతో నిండిన పుస్తకం చూసి మురిసిపోయే ముందు, అందులోంచి ఒక్క మాట మీద వేలు పెట్టి చదవమనండి. అందంగా గీయగలిగి చదవలేని పిల్లలు నా తరగతిలో ఏటా ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లు నెమ్మదిగా, బుద్ధిగా కూర్చుంటారు కాబట్టి అందరికంటే ఆలస్యంగా మన కంటపడతారు. అందుకే రోజూ నలుగురు పిల్లల్ని ఒక్కొక్కరిగా నా పక్కన కూర్చోబెట్టుకుని రెండేసి నిమిషాలు చదివించుకుంటాను. ముప్ఫై మంది ఉన్న గదిలో ఎనిమిది రోజులకు ఒకసారి ప్రతి బిడ్డ గొంతూ విడిగా వినగలుగుతున్నాను.

అమ్మానాన్నలకు నా విన్నపం ఇది. ఈ సాయంత్రం మీ బిడ్డను గుణింతం అప్పజెప్పమనకండి. ఇంట్లో ఉన్న పప్పు పొట్లమో, బస్సు మీది ఊరి పేరో, పెళ్లి శుభలేఖో చూపించి, ఇదేమిటో చదివి చెప్పమని అడగండి. తడబడితే వెంటనే అందించకండి, కాసేపు ఆగండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, పక్కన కూర్చుని వినండి చాలు. మొదటి మాటగా కాగితం మీద 'అమ్మ' అని రాసి ఇవ్వండి, కింద ఉన్న ఆ ఒత్తు ఏమిటో చెప్పమనండి.