ఓర్పు నేర్పు మొక్కలు

మన ప్రాంతమున అనేక గృహములలో వీధి గుమ్మమునకు కలబందను వేళ్ళతో సహా తలక్రిందులుగా వ్రేలాడదీయుట కలదు. దిష్టి తగులదని పెద్దలందురు. దిష్టి మాట యెట్లున్నను, ఒక విషయము గమనింపదగినది. దానికి మన్ను లేదు, నీరు పోయువారు లేరు. అయినను మాసముల తరబడి పచ్చగా నిలిచియుండును. దీనికి కారణమేమో, ఇట్టి మొక్కలను గుర్తించి ఇంట పెంచుట యెట్లో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము. మేము తెలుగు బోధించువారమే కాని వృక్షశాస్త్ర పండితులము కాము. నాగాయలంకలోని మా యింటి అరుగుపై కొన్నింటిని పెంచి, కొన్నింటిని చంపి, నేర్చుకొన్నదే ఇందు వ్రాయుచున్నాము.

ఆకులలో గాని, కాండములో గాని నీటిని నిలువచేసికొను మొక్కలను రసభరిత మొక్కలందురు. సామాన్యముగ మొక్కల ఆకులందలి సూక్ష్మరంధ్రములు పగలు తెరచుకొని బొగ్గుపులుసు వాయువును గ్రహించును. ఆ వేళనే వాటినుండి నీరు ఆవిరియై పోవును. రసభరిత మొక్కలలో పెక్కు జాతులు పగటి యెండలో రంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనములో తెరచును. రాత్రి గ్రహించిన వాయువును మాలిక్ ఆమ్లముగా దాచి, పగలు సూర్యకాంతిలో ఆహారముగా మార్చుకొనును. అందుచేతనే రణపాల ఆకు ఉదయమున పుల్లగాను, మధ్యాహ్నమునకు చప్పగాను ఉండును. ఈ తేడాను గమనించి, 1815లో లండను లిన్నేయన్ సొసైటీ సంపుటమున ప్రకటించిన బెంజమిన్ హైన్, మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వృక్షోద్యానమున పనిచేసినవాడే. అయితే విద్యార్థులు ఏ మొక్కను రుచిచూచి గుర్తింపరాదు. వీటిలో విషము గలవి ఉన్నవి.

గుర్తించుటకు కన్ను చాలును. కలబంద ఆకులు అంచున చిన్న పండ్లు కలిగి, విరిచినచో లోపల జిగురు గుజ్జు కనబడును. ఉర్దూలో దీనిని ఘీక్వార్ అందురు. కిత్తనార చూపునకు కలబందవలె ఉండును గాని, ఆకు గట్టిగా, నారతో నిండి, కొసన సూదివంటి ముల్లు కలిగియుండును. రణపాల ఆకు అంచుల నొక్కులలో పిల్లమొక్కలు పుట్టును. నర్సరీలవారు స్నేక్ ప్లాంటు అని అమ్మునది మన చాగకు దగ్గరి చుట్టము. కత్తివలె నిలువుగా పెరుగు చారల ఆకులే దాని గుర్తు. ఎడారి గులాబి ఉబ్బిన మొదలు కలిగి, గన్నేరు కుటుంబమునకు చెందినది, గన్నేరువలెనే విషపూరితము.

జెముళ్ళ విషయమున జాగ్రత్త వలయును. వీటి పేర్లు ఊరూరికి మారును గనుక, పేరుకంటె పాలను, ముళ్ళను చూచుట మేలు. అట్లవలె పలకలుగా పెరిగి, గుత్తులుగా ముళ్ళు గల నాగజెముడు అమెరికా ఖండమునుండి వచ్చినది. దానిని కోసినచో పాలు రావు. కోణముల కాండముతో, జంటలుగా ముళ్ళు గల బొమ్మజెముడు వేరొక కుటుంబము. గాటు పడినంతనే తెల్లని పాలు కారును. ఆ పాలు కంటిలో పడినచో చూపునకే ముప్పు. వెంటనే నీటితో చాలసేపు కడిగి వైద్యుని వద్దకు పోవలెను. పసిపిల్లలు తిరుగు ఇంట వీటిని ఉంచకుండుటయే ఉత్తమము.

ఇక పెంపకము. ప్రథమమున మేము కుండీలలో మా యూరి బంకమన్ను నింపి, ప్రతి సాయంత్రము నీరు పోసితిమి. వర్షాకాలమున ఆకులు వాలిపోగా, దాహమని తలచి మరికొంత పోసితిమి. కార్తికమాసము నాటికి పదునాలుగు కుండీలలో మూడు మాత్రమే మిగిలినవి. పెరికి చూడగా వేళ్ళు కుళ్ళియుండెను. అప్పుడు తెలిసినది: ఆకు పలుచబడి ముడుతలు పడుట దాహలక్షణము, మెత్తబడి, పసుపువన్నె తిరిగి, నీరు కారుట అతిజలలక్షణము. ఈ రెంటిని వేరుపరచి చూడగలిగినచో సగము విద్య వచ్చినట్లే.

కుండీ అడుగున రంధ్రము తప్పనిసరి. ఒక పాలు తోటమన్నునకు రెండు పాళ్ళు ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలుపవలెను. ఇసుక ఏటిది కావలెను, సముద్రపుటొడ్డుది కారాదు. నీరును ఉప్పనిది కారాదు. పట్టి ఉంచిన వాననీరు శ్రేష్ఠము. ఉప్పు చేరిన నేలలో నీరున్నను వేరు దానిని పీల్చుకొనజాలదు. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచిన దివిసీమకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. మన చవిటి నేలలపై పెరుగు ఇలకూర ఆకులు కూడ దళసరివే; కాని అది నీరు దాచుట కరవునకై కాదు, తనలో చేరిన ఉప్పును పలుచన చేసికొనుటకు. దానిని చూచి కలబందకు ఉప్పునీరు పోయరాదు.

వ్రేలు రెండంగుళములు మంటిలో గ్రుచ్చి, తడి తగులనప్పుడే నీరు పోయవలెను. పోసినపుడు అడుగునుండి కారునంతగా పోయవలెను. వానకాలమున చూరు క్రిందికి చేర్చవలెను. ఉదయపుటెండ తగులు తూర్పు వసారా తగిన చోటు. కొమ్మను నాటదలచినచో కొన్ని దినములు నీడలో ఆరనిచ్చి, గాయము మానిన పిదప నాటవలెను.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. వసారాలో ఇరువది కుండీలు అమర్చి, తెలుగు, ఉర్దూ పేర్ల పలకలు కట్టించినచో స్వల్పవ్యయముతో చక్కని పాఠమగును. అయితే కుండీ కొక్క విద్యార్థినే నియమింపవలెను. పదిమంది ప్రేమతో నీరు పోసిన కుండీయే ముందుగా కుళ్ళును.

అరబ్బీలో కలబందకు సబిర్ అని పేరు, ఓర్పునకు సబ్ర్. రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. మొక్కకు ఆ గుణము స్వభావసిద్ధము. నీటి చెంబు చేతబట్టిన మనము మాత్రము దానిని అభ్యసింపవలసియున్నది.