అమ్మలు పారవేసిన బొమ్మచీట్లు

గడచిన భోగినాడు మా యింట నొక చిన్న కలహము జరిగినది. పదియేండ్ల మా పిల్లవాడు క్రికెట్టు ఆటగాండ్ర బొమ్మచీట్లను చెప్పుల అట్టపెట్టెలో దాచుకొనియుండెను. నేనది చెత్తయని తలచి, పాతచాపలతో గూడ తెల్లవారుజామున మంటలో వైచితిని. వాడు మూడు దినములు నాతో మాటాడలేదు. మావారు మాత్రము నవ్వి, "అమెరికాలో తల్లులందరును ఈ పనియే చేసిరట" అనిరి. ఆ మాట పట్టుకొని విచారింపగా ఈ వృత్తాంతము తెలిసినది.

అమెరికా వారికి బేసుబాలు అను ఆట మన క్రికెట్టు వలె ప్రాణము. 1880ల దశకము నుండి అచ్చటి సిగరెట్టు కంపెనీలు పెట్టె నలగకుండుటకై ఆటగాని బొమ్మగల చిన్న అట్టముక్కను లోపల నుంచుచుండెడివి. తండ్రులు పొగ త్రాగిరి. పిల్లలు బొమ్మలు పోగుచేసిరి. 1909 మొదలు 1911 వరకు వెలువడిన యొక వరుసలో హోనసు వాగ్నరు అను ఆటగాని చీటి అచ్చువేయుట నడుమనే నిలిచిపోయినది. పిల్లలు తన బొమ్మకై పొగాకు కొనుట ఆయనకు గిట్టలేదని కొందరు, తనకు సొమ్మీయలేదని అలిగెనని కొందరు చెప్పుదురు. నేడు తెలిసినవి అరువది ప్రాంతము. 2022లో అందొకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయినది!

తరువాత సిగరెట్టు స్థానమున నమలు బంక వచ్చినది. 1933లో గౌడీ యను కంపెనీ 240 చీట్ల వరుస ప్రకటించి, 106వ సంఖ్యను అచ్చువేయకయే యూరకుండెను. పాపము, పిల్లలు ఆ యొక్కదానికై బంక కొనుచునే యుండిరి. ఫిర్యాదులు రాగా మరుసటి యేట దానిని అచ్చువేసి, ఉత్తరములు వ్రాసినవారికి పంపిరట. వర్తకుల నేర్పు ఏ దేశమందైనను ఒక్కటియే గదా!

ఆ పిల్లలు పెద్దవారై చదువులకును యుద్ధమునకును పోయిరి. తల్లులు గదులు ఊడ్చి, పెట్టెలు పారవేసిరి. యుద్ధకాలమున పాతకాగితముల సేకరణలో కొన్ని పోయినవి. సైకిలు చక్రపు ఊచలలో టపటప శబ్దమునకై పెట్టగా కొన్ని చినిగినవి. 1952 నాటి అమ్ముడుపోని చీట్లను 1960లో పడవ కెక్కించి సముద్రమున బారవోయించితినని టాప్సు కంపెనీ యుద్యోగి సై బెర్గరు తానే చెప్పెను. ఆ సంవత్సరపు మికీ మాంటిలు చీటి యొకటి 2022లో కోటి 26 లక్షల డాలర్లు పలికినది. ఇక 1980 తరువాత, ఇవి ధనమగునని తెలిసికొని తల్లులును జాగ్రత్తగా దాచిరి. కంపెనీలును కుప్పలుగా అచ్చువేసినవి. వానిలో పెక్కింటికి నేడు వెలయే లేదు.

అయినను వెలకొరకే కూర్చుదురనుట నాకు సమ్మతము కాదు. జెఫర్సను బర్డికు అనునాయన చరిత్ర వినుడు. సిరక్యూసు పట్టణమున విద్యుత్సామగ్రి కర్మాగారమున పనివాడు. కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయినవి. వీనికి లెక్కింపదగిన వెల లేని దినములలోనే మూడులక్షలకు పైబడిన చీట్లను, ముద్రితచిత్రములను కూర్చి, 1947 నుండి న్యూయార్కు మెట్రోపాలిటను చిత్రశాలకు దానమిచ్చెను. ఊరక యిచ్చి పోలేదు. ఆ చేతులతోనే యేండ్లతరబడి పుస్తకములలో నొక్కొక్కటిగా అంటించెను. 1963లో ఆ పని ముగిసినది. ఆ సంవత్సరమే ఆయన మరణించెను. వాగ్నరు చీటియు అందున్నది. జిగురుతో అంటించెనే యని నేటి వర్తకులు వగతురు కాబోలు. నాకు మాత్రము ఆ చేతులే కన్నులకు గట్టుచున్నవి.

సంపాదనపరులైన మగవారు నలువదవయేట పోయి వెదకునది తాము చిన్ననాడు పోగొట్టుకొన్న చీటినే యట. మూలలు నలగని మంచిచీటి దొరకినను, చినిగిన తమ చీటిని తలచుకొందురట.

ఇది చదివిన పిమ్మట నేను బజారునకు పోయి క్రొత్తపొట్లము కొనితెచ్చితిని. పిల్లవాడు విప్పి చూచి, "బాగున్నాయమ్మా. కాని మూల విరిగిన దొకటి ఉండేది. ఊరు మారి వెళ్లిపోతూ నా స్నేహితుడు ఇచ్చాడు. నువ్వు చూశావా?" అని యడిగెను.

నేను చూడలేదు. ఆనాడు పెట్టె మూతయే తెరవలేదు.